వంతెనకి అవతల

కేసు గెలిచిన మనిషి, అతని తరఫున వాదించిన బావ కోర్టు మెట్లు దిగుతున్నారు.

“గెలిపించావు బావా. పద, ఈ పూట మందు నాది.”

“గెలిపించింది నేను కాదురా. నిన్ను పట్టుకున్న ఎస్సైగారే.”

“ఆయనా? నేను తాగి కారు నడిపానని అంత గట్టిగా చెప్పాడుగా.”

“చెప్పాడు. కానీ ఆయన స్టేషన్ పరిధి వంతెనతో సరి. నిన్ను ఆపింది దాటాక. అందుకే కేసు కొట్టేశారు. నీ కారు వంకరటింకరగా పోవడం ఇవతలే చూసి వెంటపడ్డానని ఒక్క ముక్క అని ఉంటే, అవతల పట్టుకున్నా చెల్లేది. నేను నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి.”

“మరి అనలేదేం?”

“చూసింది అవతలే కాబట్టి. డ్యూటీ దిగి ఇంటికి వెళ్తున్నాడట.”

“ఆ మాత్రం అబద్ధం ఆడలేనివాడు పోలీసెలా అయ్యాడు?”

“మాటలు జాగ్రత్తగా రానీ. ‘అక్కడ ఆపే అధికారం మీకు లేదని తెలిసే ఆపారా?’ అని బోనులో నిలబెట్టి అడిగాను. ‘తెలుసండీ’ అన్నాడు. తడుముకోలేదు, జడ్జిగారి వైపు దీనంగా చూడనూ లేదు. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో అలాంటి సాక్షి నాకు తగల్లేదు. ఇంకో ప్రశ్న వెయ్యడానికి సిగ్గేసింది.”

“తెలిసీ ఎందుకు ఆపినట్టు?”

“జడ్జిగారూ అదే అడిగారు. నువ్వు కోర్టులో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నావు, వినలేదు. ఆయన చెప్పాడు, అప్పుడే బడి వదిలారట. ఎదురుగా పిల్లలు రోడ్డు దాటుతున్నారట.”

“పిల్లలా? నాకు ఒక్కరు కూడా కనపడలేదే బావా.”

“అందుకేరా ఆపాడు.”