వానలో కొన్న నీళ్ళు

కూర్చో డెస్మండూ, ఆ తడి కోటు తలుపు వెనక తగిలించి కూర్చో. మీటరెక్కడికీ పారిపోదు, టీ తాగి చూసుకుందువుగాని. ఏమిటీ, హీటరా? నన్ను కొనమంటావా? పట్టపగలు కూడా దీపాలు వేసుకోమంటున్నారా? ఆగాగు, మళ్ళీ చెప్పు. మన కరెంటు హౌసు దాని ఖర్చుకి సరిపడా సంపాదించట్లేదని పైవాళ్ళు మూసేస్తామంటున్నారు. మూస్తే హోకిటికా పట్నం నుంచి తీగ లాగుతారు, మీ నలుగురి ఉద్యోగాలూ పోతాయి. అందుకని ఈ నెల ఊరు ఊరంతా కరెంటు విరగబడి కాల్చి, బిల్లులు కట్టి, లెక్కలో లాభం చూపించాలి. ఇంతేనా? ఎవరికి పుట్టింది ఈ ఆలోచన, నీకేనా? నవ్వుతున్నానని ఏమనుకోకు నాయనా. నీకు రాట్రే ఎవరో తెలీదు కదా. ఎలా తెలుస్తుంది, మీ నాన్నే అప్పటికి పుట్టలేదు. నువ్విప్పుడన్న మాట, సరిగ్గా ఇదే మాట, అరవై ఏళ్ళ కిందట ఆయన ఈ గుమ్మంలోనే నుంచుని అన్నాడు. ఆయన కోటూ ఇలాగే కారుతోంది.

ఈనియస్ రట్రే అని రాసుకునేవాడు, మేమంతా రాట్రే అనేవాళ్ళం, వెనకాల నీళ్ళాయన అనేవాళ్ళం. స్కాట్లండు మనిషి. పొడుగ్గా, వంగిపోయి, ఎప్పుడూ భుజాన పార. మీ కరెంటు హౌసులోకి నీళ్ళు తెచ్చే కాలవ ఉందే, అది కరెంటు కోసం తవ్విందనుకున్నావా? గవర్నమెంటు బంగారం కోసం తవ్వించిన కాలవ అది. ఈ డోహెనీ గట్టు మీద మట్టినిండా బంగారమే, కానీ మట్టి కడగాలంటే నీళ్ళు కావాలి, వాగులేమో కింద లోయలో. అందుకని లండన్‌లో అప్పు తెచ్చి, ఆ కొండల వెనకనించి, సొరంగాలు తొలిచి, లోయలమీద చెక్క దోనెలు కట్టి తీసుకొచ్చారు. తెచ్చి మాకు నీళ్ళమ్మేవాళ్ళు. తూముకింత, వారానికింత. మా ఆయన ఫెర్గల్‌కి ఒక తూము. ఆ నీళ్ళు గొట్టంలోంచి కొండ మీదకి కొడితే మట్టీ రాళ్ళూ దిగొచ్చి చెక్క పెట్టెల్లోంచి పారేవి, బరువుకి బంగారం అడుగున ఆగేది. కానీ రోజూ పెట్టె విప్పి చూసుకోవడం ఉండదు. నెలల తరబడి కొట్టి కొట్టి, ఏప్రిల్లో మేలో కాలవ కట్టేసి అప్పుడు పెట్టెలు విప్పి కడుగుడు. డబ్బు మొహం చూడటం అప్పుడే. అంతదాకా రొట్టె అరువు, బూట్లు అరువు, నీళ్ళూ అరువే. గవర్నమెంటు తరఫున కాలవ చూసేది రాట్రేనే, ఇచ్చేవాడు. రూలు ప్రకారం ముందు డబ్బు కట్టాలి, అయినా ఇచ్చేవాడు. "బంగారం మీ పెట్టెలో ఉంది, పెట్టె నా కాలవ మీద ఉంది, ఇద్దరం ఎక్కడికి పోతాం?" అనేవాడు. గొంతు ఇలా, ముక్కులోంచి. నవ్వకుండా.

ఏం చెప్తున్నాను? ఆఁ, లెక్క. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. కాలవ ఖర్చంతా ఒక వైపు రాశారు. తవ్వకం, లండన్ అప్పుకి వడ్డీ, దోనెలు కుళ్ళితే మార్చే చెక్క, పనివాళ్ళ జీతాలు. రెండో వైపు ఏం రాశారు? నీళ్ళు అమ్మిన డబ్బు ఒక్కటే. మేం తీసిన బంగారం మీద ఔన్సుకింతని సుంకం పట్టుకునేవాళ్ళే, అది కాలవ వల్ల వచ్చింది కాదా? కాదుట, అది వేరే పద్దుట. మేం తాగిన టీ మీద, బీరు మీద, వేసుకున్న బూట్ల మీద పన్నులు? అవీ వేరే. రోడ్డు వేసి, ఒసే రోడ్డూ నువ్వేం సంపాదించావే అని అడుగుతారా? బడి కట్టి పిల్లల పలకలు అమ్మగా ఏం మిగిలిందని చూస్తారా? కాలవని మాత్రం కోడల్ని అడిగినట్టు అడిగారు, నువ్వేం తెచ్చావని. రాట్రేకి ఈ మాటలన్నీ చెప్పేదాన్ని. వయసులో ఉన్నాను, నోరు ఊరుకునేది కాదు. ఆయన విని, పార మారుభుజానికి మార్చుకుని, "నిజమే నోరా, కానీ వాళ్ళడిగే ప్రశ్నకి మనం జవాబు చెప్పాలి, మనకి నచ్చిన ప్రశ్నకి కాదు" అనేవాడు. పంతులుగారిలా.

ఆ ఏడాది ఫిబ్రవరిలో కబురొచ్చింది. మార్చి ఆఖరుకి గవర్నమెంటు ఏడాది ముగుస్తుంది కదా, ఆ లోపల కాలవ తన ఖర్చు తను తెచ్చుకోకపోతే తూములు మూసేస్తారుట. మూస్తే ఇంకేముంది, కొండ కొండలా ఉంటుంది, మేం మూటలు కట్టుకోవాలి. ఇక్కడ తమాషా చూడు. మేం బాకీ పడ్డ నీళ్ళ డబ్బు లోటుకి సరిపోతుంది. కానీ అది వచ్చేది కడుగుడయ్యాక, ఏప్రిల్లో, మేలో. లెక్క మూసేది మార్చిలో. పెట్టెల అడుగున ఉన్న బంగారం కనపడదు కదా ఆఫీసుకి. ముందే కడగండని కొందరు. మా ఫెర్గల్ ఒప్పుకోలేదు, ఇంకా మంచి మట్టి దాకా పోలేదు, ఇప్పుడు కడిగితే నీళ్ళ ఖర్చు కూడా రాదన్నాడు. అది నిజమే. అప్పుడు రాట్రే ఊళ్ళోకి దిగాడు. మాకు ఈ గుమ్మంలోనే చెప్పి, గని లేనివాళ్ళ దగ్గరికి, ఇంటింటికీ. "ఈ నెల నీళ్ళు కొనండి. రొక్కం ఇవ్వండి. అర తూము, పావు తూము, ఎంతైనా సరే." ముందు తన గుర్రం అమ్మి రెండు తూములు తనే కొన్నాడు. గుర్రం పోయాక కాలవ పొడుగునా నడిచి తిరిగేవాడు. మీ తాత రొట్టెల కొట్టాయన అర తూము కొన్నాడు, తెలుసా నీకు? చెప్పలేదూ? చెప్పడు లే. ఫాదర్ గారు కొన్నారు, చర్చి పైకప్పు కోసం దాచిన డబ్బుతో. సారా కొట్టువాళ్ళు కొన్నారు. చూ యాట్ అని కూరగాయలు పండించే చైనా ఆయన ఉండేవాడు, ఆయనా కొన్నాడు. ఆయన్ని తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పటికి వారంగా వాన. మన పడమటి తీరం వాన నీకు చెప్పాలా. చూ యాట్ రాట్రే చేతిలో డబ్బు పెట్టి, ఆకాశం వంక చూసి, కింద తన క్యాబేజీల వంక చూసి, "ఎక్కువ పొయ్యకండి, వీటికి ఈత రాదు" అన్నాడు.

ఊరికే చీటీ ఇచ్చి డబ్బు పుచ్చుకుంటే సరిపోయేది కదా? ఎవరడుగుతారు? అది రాట్రే పద్ధతి కాదు. అమ్మిన నీళ్ళు వదలకపోతే దొంగతనం అన్నాడు. మార్చిలో ఆ వానలో తూములన్నీ ఎత్తాడు. కొనుక్కున్నవాళ్ళు గొడుగులేసుకుని నుంచుని చూశారు. పనివాడు లేడు, గొట్టం లేదు, పెట్టె లేదు, ఉత్త నీళ్ళు, ఎర్రగా, పోతున్నాయి వాగులోకి. ఫాదర్ గారు చూపించి, "అవిగో, ఆ పక్కగా పోయేవి నావి" అన్నారు. మీ తాతేమో "కాదండీ, అవి నావి, మీవి అప్పుడే వంతెన దాటిపోయాయి." మేం ఆడవాళ్ళం నవ్వలేక చచ్చాం. పైన వాన, కింద కొన్న నీళ్ళు. సారా కొట్టు కోళ్ళగూడు కొట్టుకుపోయింది, అందులో ఒక కోడి మూడోనాటికి తిరిగొచ్చింది కూడా. అంత సరదాగా ఈ ఊరు నవ్వడం నేను మళ్ళీ చూళ్ళేదు నాయనా. ఆ నెల అందరం అందరితో మాట్లాడుకున్నాం. ప్రొటెస్టెంటులు, మన క్యాథలిక్కులు, చైనావాళ్ళు. రాట్రే చివరి తూము పక్కన పార ఆనించి నుంచుని చూస్తున్నాడు. టోపీ అంచునించి ధార. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. పళ్ళు చిన్నవి, పిల్లాడి పళ్ళలా.

లెక్క తేలింది. లాభం. కొంచెమే అనుకో, కానీ లాభం. మూయలేదు. సారా కొట్టులో ఊరందరికీ ఉచితం. తర్వాత ఏప్రిల్, మే, మా కడుగుళ్ళు. ఆ ఏడాది మట్టి మంచిది, నిజాయితీగా అందరూ పాత బాకీలు కట్టేశారు. అంటే ఏమైంది? మార్చిలో బోలెడు రొక్కం, ఆ వెనకే మళ్ళీ బోలెడు రొక్కం. పైనించి చూసేవాడికి ఎలా కనపడుతుంది? ఓహో, ఈ కాలవ బ్రహ్మాండంగా సంపాదిస్తోందే అని. ఇన్నాళ్ళూ ఎవడికీ అక్కర్లేని కాలవ. వచ్చే ఏడాదికల్లా లీజుకిచ్చేశారు, పెద్ద కంపెనీకి. ఫలానా అని పేరెందుకు ఇప్పుడు, వాళ్ళూ పోయారు. వాళ్ళకి సొంత గని ఉంది, ఆ గట్టు అవతల. నీళ్ళు చాలామట్టుకు దానికే. మాకు మిగిలింది రేటు పెంచి అమ్మారు. అరువు లేదు. ముందు డబ్బు, తర్వాత తూము. కడుగుడు దాకా డబ్బు మొహం చూడని చిన్నవాళ్ళెవరు బతుకుతారు? ఒక్కొక్క ఇల్లే ఖాళీ. చూ యాట్ క్యాబేజీలు కొనేవాళ్ళు లేక రీఫ్టన్ వెళ్ళిపోయాడు.

రాట్రేని కంపెనీవాళ్ళు ఉంచుకున్నారు, జీతం పెంచి మరీ. ఒక సోమవారం మా తూము మూయాల్సొచ్చింది. కుర్రాళ్ళని పంపొచ్చు, పంపలేదు, ఆయనే వచ్చాడు. తూము పలక దించాడు. గొట్టం దగ్గి దగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో నీకు తెలీదు, మేం పెళ్ళయిన నాటినించీ ఆ నీళ్ళ చప్పుడులోనే పడుకున్నాం, లేచాం, పోట్లాడుకున్నాం. లోపలికి రమ్మన్నాను. వచ్చి, ఇదిగో నువ్వు కూచున్న చోటే కూచున్నాడు. మీ లెక్క తప్పిందా అనడిగాను. కోపంగానే అడిగాను. తలూపాడు, కాదని.

"లెక్క సరిగ్గానే వచ్చింది నోరా. నష్టంలో ఉన్నన్నాళ్ళూ అది మనది. లాభం చూపించాం, వాళ్ళదైపోయింది."

టీ తాగాడు. కప్పు కడిగి బోర్లించి వెళ్ళాడు. కంపెనీ తాళంచెవులు ఆ సాయంత్రమే ఇచ్చేశాడుట. దక్షిణాన ఎక్కడో రోడ్డు పనిలో చేరాడని విన్నాం, అక్కడే పోయాడనీ విన్నాం. పార మాత్రం మా గుమ్మం పక్కనే వదిలేశాడు, మరిచిపోయాడో ఏమో. మరిచిపోయే మనిషి కాదు.

కంపెనీ ఎన్నేళ్ళుంది కనక. మట్టి అయిపోగానే పోయింది, కాలవలో ముళ్ళపొదలు మొలిచాయి, ఆఖరికి మీవాళ్ళొచ్చి బాగుచేసి బల్బులు వెలిగించారు. మొదటిసారి ఈ గదిలో లైటు వేసినప్పుడు ఫెర్గల్ పైకి చూసి, రాట్రే నీళ్ళు అన్నాడు. అంతే అన్నాడు.

ఊఁ? నేనేమంటాను నాయనా. లాభం చూపిస్తే ఎవడో వస్తాడు, చూపించకపోతే మూస్తారు. నన్నడిగితే ఏం చెప్పను. ఆ రోజు వానలో ఆయన పళ్ళు...

టీ చల్లారిపోయింది, ఇలా తే. ఆ ముందు గదిలో లైటు వెయ్యి. ఆఁ, పగలే, తెలుసు. వంటింట్లోదీ వెయ్యి. హీటరు ఎన్ని పౌండ్లన్నావు?