లోపలెవరో ఉన్నారు

మధ్యాహ్నం ప్యాసింజరు ఆమదాలవలస దాటింది. బాత్రూమ్ పక్క సీట్లో లక్ష్మీనరసమ్మ, ఆమె మనవరాలు ఝాన్సీ. ఎదురుగా నరసన్నపేట బట్టల వ్యాపారి చంద్రమౌళి, దారికడ్డంగా కాళ్ళు బారజాపుకుని.

"...కూర్చోండమ్మా, కూర్చోండి. అసలు సంగతి వినలేదు మీరు. మన దేశంలో రైలు నడవడం మొదలై యాభై ఏళ్ళు దాటినా, మూడో తరగతి పెట్టెల్లో బాత్రూమన్నదే లేదు!"

"అది సరే గానీ బాబూ, కాలు తియ్యి. మల్లీ ఓపాలి సూసొస్తాను."

"లోపలెవరో ఉన్నారమ్మా."

"తిలారులోనూ ఉన్నాడన్నావు. ఊర్లాంలోనూ ఉన్నాడన్నావు. ఆమదాలవలసలోనూ అదే మాట. ఆడు కాపరం ఎట్టీసినాడేటి అందులో?"

"పాపం, కడుపు బాగాలేదేమో. అదే చెప్తున్నాను. 1909లో ఒక బెంగాలీ ఆయన..."

"మామ్మా, సుగరు మాత్ర ఏసుకున్నావు. ఎంతసేపని ఆపుకుంటావు? అటు సివరికెల్దామా?"

"ఎక్కడికే ఝాన్సీ! దారంతా మనుసులే. ఎవరి నెత్తి మీద కాలెట్టమంటావు?"

"అదీ! కదలకండి. ఆ బెంగాలీ ఆయన పనసతొనలు తెగ తినేశాడు. కడుపుబ్బిపోయింది. స్టేషన్లో దిగి వెళ్ళాడు. ఈలోగా గార్డు ఈల వేసేశాడు. ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో పంచె, పరుగో పరుగు! ప్లాట్‌ఫాం మీద పడ్డాడు. ఆడా మగా అందరి ముందూ... ఇహ చెప్పకూడదు."

"సెప్పకు."

"ఆ కోపంతో వచ్చీరాని ఇంగ్లీషులో రైల్వేకి ఉత్తరం రాసి పడేశాడు. ఆ గార్డుకి జరిమానా వెయ్యండి, లేకపోతే పేపర్లకెక్కిస్తానని! ఆ దెబ్బతోనే పెట్టెల్లో బాత్రూములొచ్చాయంటారు. ఢిల్లీ మ్యూజియంలో పెట్టారు కూడా."

"బాత్రూమునా?"

"ఉత్తరాన్నమ్మా!"

"మరా యాభై ఏళ్ళూ రైలెక్కిన ఆడోళ్ళు ఏటి సేసీవోరు బాబూ? ఆళ్ళు రాయలేదా ఉత్తరం?"

"ఆడవాళ్ళా... వాళ్ళ సంగతి ఎక్కడా చదివినట్టు లేదు."

"ఏటి సేస్తారు? నాలాగే పళ్ళు బిగించుకుని కూకునుంటారు. దీనికన్నా మా నౌపడ సిన్నరైలే నయం."

"పర్లాకిమిడి రాజుగారు వేయించింది! 1900లో! నేరోగేజీ!"

"ఎవులేస్తే నాకేటి? నా పెళ్ళైన కొత్తలో అది నడిసినట్టెల్లీది. దిగి, తుప్పల సాటుకెల్లొచ్చి, మల్లీ ఎక్కీసీవోళ్ళం. ఇదేమో పరిగెడతాది, తలుపు మాత్రం తియ్యదు."

"ఓర్పుండాలమ్మా. అప్పటివాళ్ళకి ఎంత ఓర్పు!"

"ఇప్పటోళ్ళకీ ఉందండి. మా ఫ్రెండు ఉష అసిస్టెంట్ లోకో పైలట్. రైలింజన్లోనే దాని డ్యూటీ. ఇంజన్లో బాత్రూమ్ ఉంటాదా? మీకన్నీ తెలుసు కదా, చెప్పండి."

"ఉండకేం? ఇంజనంటే మరి..."

"చాలా ఇంజన్లలో లేదు. ఇప్పటికీ."

"అదేంటి, నేనెక్కడా చదవలేదే!"

"అయితే ఆ పిల్లేటి సేస్తాదే ఝాన్సీ?"

"డ్యూటీ ఉన్నరోజు నీళ్ళు తాగదు మామ్మా."

"విన్నావా బాబూ? ఓర్పంట ఓర్పు! ఆ పిల్ల గొంతెండబెట్టుకుని బండి తోల్తంటే, నువ్విక్కడ కాళ్ళు సాపుకుని కతలు సెప్తన్నావు."

"నన్నంటారేమిటమ్మా మధ్యలో! అమ్మాయ్, ఆ ఫోన్లో ఏంటి టైపు చేస్తున్నావ్?"

"ఉత్తరమేనండి. రైల్వేకి కంప్లైంటు పెట్టీసేను. పొందూరులో మనిషిని పంపుతారట."

"ఎందుకమ్మా గొడవ! ఇంకో గంటలో విజయనగరం వచ్చేస్తుంది. మామ్మగారు గట్టి మనిషి. ఆ కంప్లైంటు వెనక్కి తీసేసుకో."

"మీకెందుకండి అంత కంగారు?"

"కంగారేముంది? లోపలున్నాయన్ని నలుగురిలో అల్లరి చెయ్యడం... మర్యాద కాదు కదా."

"మరేదకి నేనాగగలను బాబూ, నా ఒల్లాగదు. ఝాన్సీ, పొందూరొచ్చింది, పిలవే!"

"ఏమండీ, రైల్వే ఆయనా! ఇటండి! ఈ తలుపే!"

"తప్పుకోండమ్మా. గోవిందూ, నువ్వూ రా. గడియ పడలేదే. లోపల ఏదో ఎదురు తన్నుతోంది. తొయ్యి... ఇంకా తొయ్యి... ఓర్నాయనో! మూటలు! నాలుగు మూటలు!"

"మూటలా! ఇంతసేపూ మూటలకా నేను మరేదిచ్చింది? బేగి తియ్యండి నాయనా!"

"ఎవరివండీ ఇవి? ఎవరూ పలకరేం? సార్, ఎదురుగా కూర్చున్నది మీరే. మీవా?"

"నావా? ఛ ఛ! చదువుకున్నవాడు చేసే పనేనా అది?"

"అయితే దిక్కూమొక్కూ లేని సరుకన్నమాట. గోవిందూ, నాలుగూ ప్లాట్‌ఫాం మీదికి దించెయ్."

"దారియ్యండి, మా మామ్మెల్తాది. మెల్లగా మామ్మా... తలుపేసుకో, నేనిక్కడే ఉంటాను."

"దించేశాం. గార్డుకి చెప్పు గోవిందూ, బండి తియ్యొచ్చని."

"ఒక్క నిమిషం బాబూ..."

"ఏటండి, ఇంకా సరిత్ర మిగిలిందా?"

"చరిత్ర కాదమ్మాయ్, పెళ్ళివారి పట్టుబట్టలు... బాబూ, బండి ఆపించండి! ఆ నాలుగూ నావే!"