గ్యారేజీ తలుపుకు రెండు కళ్ళు

చైనుదా బెల్టుదా అని నన్నడిగితే నాకేం తెలుసు బాబూ? ఈ తలుపు మోటారు మార్చాల్సిందే అని పట్టుబట్టింది మా ఆయన. నువ్వు మొన్న ఇచ్చిపోయిన కాగితాలన్నీ మంచం మీద పడుకునే తిరగేసి, ఎన్ని గీతలు గీశారో చూడు. బెల్టుదైతే చప్పుడుండదట. కరెంటు పోయినా బ్యాటరీతో తెరుచుకోవాలట. దేనికైనా తగిలితే చాలు, ఆగి పైకి పోవాలట. ఆ చివరి దాని కింద రెండు గీతలు!

ముప్ఫై నాలుగేళ్ళు బస్సు నడిపిన మనిషి. యంత్రాల సంగతి ఆయనకి నేను చెప్పడమా?

మెల్లగా మాట్లాడు నాయనా. గోడ అవతలే ఆయన గది.

అదేమిటి, నిచ్చెన అక్కడ వేశావు? చూడాల్సింది తలుపు దగ్గర కదా? ఆ అరల మీద ఏముందని, పాత డబ్బాలూ దుమ్మూ తప్ప! దిగు, ముందు కాసిని మంచినీళ్ళు తాగు.

చూసేశావా.

అవును, ఆ రెండు కళ్ళూ అక్కడే ఉన్నాయి. ఒకదాన్నొకటి చూసుకునేలా, ఎదురెదురుగా తాడుతో కట్టి. ఎవరు కట్టారంటావేమిటి, నేనే. "తలుపు కింద మనిషుంటే కనిపెట్టే సెన్సార్లు ఇవేనమ్మా, నేలకి జానెడు ఎత్తులోనే ఉండాలి, కదపకండి" అని రెండేళ్ళ కిందట నువ్వు చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

అటు చూడు, ఆ పెట్టెలు. పద్నాలుగు. మా అత్తగారి పెళ్ళిచీర, మామగారి కళ్ళజోళ్ళు, మరిది చిన్నప్పటి పలకలు, పోయిన పిన్నత్తగారి ఉత్తరాలు. బంధువుల్లో ఎవరు ఏ గది ఖాళీ చేసినా సామాను నా దగ్గరికే. "వదిన దాస్తుందిలే" అంటారు. నా వెనక నన్ను 'బీరువా' అంటారట. వెక్కిరింపే. అయినా విన్నప్పుడు లోలోపల మురిసిపోయాను.

వానలకి ముందు మా ఆడపడుచు ఇల్లు మారుతూ ఇంకో మూడు పంపింది. చోటు లేక తలుపు వారకి జరిపాను. ఇక చూడు, ఆ కళ్ళకి పెట్టె అడ్డం! తలుపు సగం దిగడం, మళ్ళీ పైకి పోవడం. దిగడం, పోవడం. జల్లు లోపలికి కొట్టి మా మామగారు స్వదస్తూరీతో రాసుకున్న పుస్తకం తడిసి ముద్దయింది. నా ప్రాణం ఉసూరుమంది బాబూ. ఆ సాయంత్రమే కళ్ళు ఊడదీసి అక్కడ కట్టాను. తలుపు బుద్ధిగా మూసుకుంది. నా తెలివికి నేనే పొంగిపోయి దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను.

పెట్టెలు జరపొచ్చుగా అంటావు. అది అప్పుడు తోచిందా?

పక్షవాతం వచ్చాక ఆయన ముందు గుమ్మం మెట్లెక్కలేకపోయేవారు. వాకర్ పట్టుకుని ఇటునుంచే వచ్చేవారు. "వచ్చానే" అని గొంతు వినబడగానే వంటింట్లోంచి తలుపు మూసే మీట నొక్కేయడం నాకు అలవాటు. ఇంకా గడప దాటకపోతే తలుపే ఆగుతుందిలే అని ధీమా. ఆ రోజూ అలాగే నొక్కాను.

కళ్ళు పీకేసిన సంగతి మరిచిపోయాను. తాతల నాటి తారీఖులన్నీ గుర్తున్నదాన్ని, అదొక్కటీ మరిచిపోయాను.

తుంటి విరిగింది. రెండు ఆపరేషన్లు. ఇక నడవరని డాక్టరు తేల్చేశాడు.

ఆయనేమంటారో తెలుసా? "తప్పు నాదే. తాబేలు నడక నడిస్తే తలుపేం చేస్తుంది?" అంటారు. పక్క మారుస్తుంటే "నీకెంత చాకిరీ తెచ్చిపెట్టానే" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఈ కొత్త మోటారు ఎవరికోసమనుకున్నావు? నాకోసం! "నువ్వూ పెద్దదానివయ్యావు, నీ మీద పడకూడదు" అంటారు. ఆ తలుపు కిందనుంచి తను ఇక నడిచి రానని ఆయనకి తెలుసు.

ఒక్క మాట అడగనా? మోటారు చెడిపోయి తలుపు పడింది, నడక తప్పు కాదు అని ఆయనతో నువ్వు చెప్తావా?

అలా చూడకు. బిగించింది నువ్వే, నింద నీ మీదకే వస్తుంది. తెలిసే అడిగాను. రెండుపూటలా దేవుడి ముందు కూర్చునే దాని నోట రావాల్సిన మాటేనా ఇది!

దేవుడికి ఎప్పుడో చెప్పుకున్నాను. దేవుడు పలకడు కాబట్టి తేలికైంది. ఈ మనిషి పలుకుతారు. "పోనీలేవే" అంటారు. ఆ మాట నేను వినలేను బాబూ.

ఆఁ, వస్తున్నానండీ! బెల్టుదే పెడతాడట! మంచి రకమేనట!

సరే, బిగించు. కళ్ళు నేలకి జానెడు ఎత్తులోనే ఉండాలంటావు. అయితే పెట్టెలు తీసేయాలి. ఎక్కడికి తీయను? ఏది పారేయను, చెప్పు?

వాటిని కదపకుండా బిగించే దారి ఏదీ లేదా నాయనా?