స్టేషన్ పక్క గది

కొత్తగా పెట్టబోయే మానసిక వైద్య క్లినిక్ గది. డాక్టరు, బట్టలు కుట్టే ఒకావిడ.

“నేను పెట్టను.”

“సంతకమేగా అమ్మా! జైలుకెళ్ళొచ్చే వాళ్ళ కుటుంబాల తరఫున మీరొక్కరు సరేనంటే రేపే బోర్డు కట్టేస్తాం.”

“పోలీస్ స్టేషన్‌ని ఆనుకుని క్లినిక్కా? ఎవరికండీ వచ్చింది ఈ బంగారం లాంటి ఆలోచన?”

“అంటే... గది ఉత్తినే ఇచ్చారు. పైగా ఏదైనా గొడవైతే...”

“ఏం గొడవ? మా తమ్ముడు ఎవర్నైనా పొడిచాడా? మందులు అయిపోతే రోడ్డు మీద నిలబడి అరుస్తాడు. పట్టుకెళ్తారు. జైల్లో మందులిస్తారు, మనిషవుతాడు, వదిలేస్తారు. గేటు దాటాక మందుల్లేవు. మళ్ళీ అరుపులు, మళ్ళీ జైలు.”

“అందుకేగా తల్లీ ఈ క్లినిక్!”

“క్లినిక్ కావాలి. ఇక్కడొద్దు. ఖాకీ బట్ట కనబడితే వాడికి వణుకు. ఆ గుమ్మం ముందు నుంచి మందుల కోసం వస్తాడా?”

“మెల్లగా అలవాటవుతుందమ్మా.”

“మీకవుతుంది, వాడికవదు. మార్కెట్లో మా కుట్టు షాపు పైన గది ఖాళీ. అక్కడ పెట్టండి.”

“మార్కెట్లోనా! అక్కడి వాళ్ళు ఊరుకుంటారా?”

“సగం మార్కెట్ బట్టలు నా దగ్గరే ఉన్నాయి. నోరెత్తమనండి చూద్దాం!”

“మీరు భలే మొండివాళ్ళండీ. పైవాళ్ళు ఒప్పుకోవాలిగా.”

“పైవాళ్ళని నా ముందుకు రమ్మనండి. వాడు మళ్ళీ లోపలికెళ్తే ఈసారి తట్టుకోలేడు. నేనూ తట్టుకోలేను. అంతే.”

“అబ్బబ్బ, మీతో కాదు గానీ, పోనీ మీ తమ్ముణ్ణే అడుగుదాం. ఇవాళ వెంటబెట్టుకొస్తానన్నారుగా?”

“తెచ్చాను.”

“ఏడీ మరి?”

“చెయ్యి పట్టుకుని మలుపు దాకా తెచ్చాను. స్టేషన్ ముందు జీపు చూశాడు. ‘అక్కా, నన్ను మళ్ళీ అప్పజెప్తున్నావా’ అని చెయ్యి విదిలించుకుని పరిగెత్తాడు.”

“అయ్యయ్యో! ఇప్పుడా చెప్పడం? పదండి, ఎంతో దూరం పోయుండడు.”

“పోలేదు. పరిగెత్తేవాణ్ణి చూస్తే కానిస్టేబుల్ ఊరుకుంటాడా?”

“అంటే...”

“లేవండి డాక్టరు గారూ, మీ మొదటి పేషెంటుని చూద్దురుగాని. ఈ గోడకి అవతల, లాకప్పులో ఉన్నాడు.”