ఆవులో వాటా

పాకలో ఒకావిడ ఆవు పాలు పితుకుతోంది. ఆహార శాఖ ఇన్‌స్పెక్టరు గుమ్మంలోనే నిలబడ్డాడు.

"లైసెన్సు లేకుండా ఇంట్లో పచ్చిపాలు అమ్మకూడదని పోయిన నెలే చెప్పాను కదమ్మా."

"చెప్పారు బాబూ. ఆ రోజే మానేశాను."

"మరి గేటు దగ్గర గిన్నెలు పట్టుకుని నిలబడ్డ వాళ్ళెవరు?"

"ఆవు గలవాళ్ళు. ఎవరి ఆవు పాలు వాళ్ళు తాగకూడదని మీ చట్టంలో ఉందా?"

"లేదు. కానీ ఆవు మీదేగా?"

"నిన్నమొన్నటి దాకా నాదే. పాలమ్మడం ఆపేస్తే దీన్ని మేపలేను, సంతలో అమ్మేస్తే కబేళాకే పోతుంది. అందుకని వీధిలో వాళ్ళకే వాటాలేసి అమ్మేశాను. మీరు పాలు అమ్మొద్దన్నారు గానీ ఆవును అమ్మొద్దనలేదుగా."

"చట్టానికే టోపీ పెడతారా? ఆవును జప్తు చేయిస్తాను."

"చేయించండి. నోటీసు మాత్రం యజమానులకే ఇవ్వాలి. అదిగో, అందరూ అక్కడే ఉన్నారు."

ఆయన గేటు వైపు చూశాడు. గిన్నెలు పట్టుకున్న వాళ్ళెవరూ కదల్లేదు.

"ఇంతకీ మీకేం మిగిలిందమ్మా?"

"మేపినందుకు కూలి ఇస్తారు. పేడ నాది. పేడ అమ్మకూడదన్న చట్టం కూడా ఉంటే, వెతికి పట్టుకుని మళ్ళీ రండి. కాస్త జరగండి బాబూ, పాలు పొయ్యాలి."