చుక్కలకు కదిలిన కన్ను

బల్ల మీది పెద్దాయన మొహం చూడలేక, ఫ్యామిలీ డాక్టరు తాను సంతకం చేసిన మరణపత్రం వైపే చూస్తున్నాడు. శవపరీక్ష చేసే డాక్టరు చేతులు కడుక్కుంటూ అడిగాడు.

"నిన్న సాయంత్రం ఆరింటికి పోయారని మీరే చూసి రాశారా?"

"రాశాను కదండీ."

"పొద్దున ఎనిమిదింటికి కంటిపాపను పెద్దది చేసే అట్రోపిన్ చుక్కలు వేశాను. కంటిపాప చక్కగా విచ్చుకుంది. పోయి పద్నాలుగు గంటలైనా ఎంత మర్యాదో."

"అలా అవుతుందా?"

"అవదు. కన్ను అంత బాగా కదిలిందంటే, పోయి నాలుగైదు గంటలే."

ఫ్యామిలీ డాక్టరు మరణపత్రం మడతపెట్టాడు. "నిన్న సాయంత్రమే వాళ్ల అల్లుడు ఫోన్ చేసి, మావయ్య పోయారన్నాడండీ. సంతకానికి మనిషిని పంపాడు."

"మీరు గడప తొక్కలేదన్నమాట."

"పోయినాయన్ని చూసి చేసేదేముందని..."

"నిజమే పాపం. వెళ్లి ఉంటే, ఇంకా పోలేదని ఆయనే చెప్పేవారు."