దిగంబర్ కాకా ఏడు చావులు

సాంగ్లీ నాటకశాల వెనక శేవంతాబాయి టీకొట్టు బల్లమీద దిగంబర్ కాకా కాలు మీద కాలేసుకున్నాడంటే ఆ పూట ఎవరి పనీ సాగదు. ఆరోజు మరీను. ఎదురుగా ఉన్నది మృణ్మయి, ముంబై నుంచి టీవీ సీరియల్ వాళ్లు పంపిన పిల్ల. వంద ఎపిసోడ్లు కోమాలో పడుండే తాత వేషానికి మనిషి కావాలి. నాలుగేళ్లుగా వేషానికి పిలిచే నాథుడు లేని పాత నాటకాల నటుడు కాకాకి ప్రాణమంతా ఆ కోమా మంచం మీదే ఉంది.

"పడుకోవడం నాకు నేర్పాలా అమ్మాయ్? మిరజ్‌లో నాటకం. నేను కోట సర్దారుని. రెండో అంకంలో బాణం తగిలి చచ్చాను. ఏదో మామూలుగానే చచ్చాను. జనం 'వన్స్ మోర్' అని ఒకటే గోల!"

"అది పాటకి కదా కాకా అడుగుతారు?"

"పాటకి ఎవడికైనా అడుగుతారు. చావుకి అడిగింది నాకొక్కడికే! లేచి మళ్లీ చచ్చాను. మళ్లీ వన్స్ మోర్. అలా ఏడుసార్లు. బాణం వేసేవాడికి చెయ్యి పడిపోయి, ఇక నావల్ల కాదని నా కాళ్లమీద పడ్డాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముందు వరసలో డాక్టరు స్టేజీ ఎక్కి నాడి చూశాడు. లేదు! అక్కడికక్కడే సర్టిఫికెట్టు రాసిచ్చేశాడు. దాన్ని రద్దు చేయించుకోడానికి మూణ్ణెల్లు తిరిగాను. పోయినవాళ్లు స్వయంగా రాకూడదు, వారసుల్ని పంపమంటాడు గుమాస్తా!"

"పోయినోళ్లకి కటింగ్ చాయా, ఫుల్లా?" అంది శేవంతాబాయి.

"ఫుల్లే, అల్లం దంచి వెయ్యి. ఇక టీవీలో చచ్చినప్పుడు చూడాలి! పదోరోజున ఊరూరా ఆడవాళ్లు నా పేర పిండాలు పెట్టారు. సాతారా నుంచి కొల్హాపూర్ దాకా ఒక్క కాకి ముడితే ఒట్టు. చివరికి కలెక్టరు జీపు పంపి, మైకు చేతికిచ్చి, 'నాకే కోరికా మిగల్లేదు, తినండర్రా' అని నాచేత చెప్పిస్తే గానీ వాలలేదు!"

మృణ్మయి నవ్వాపుకుంది. "మాటలు వద్దు కాకా. పొయ్యి మీద ఆ పాలు పొంగేదాకా ఈ బల్లమీదే కోమాలో ఉండండి. కిమ్మనకపోతే వేషం మీదే."

కాకా వెంటనే వెల్లకిలా పడుకున్నాడు. నిజం చెప్పాలి, బాగా పడుకున్నాడు. ముక్కుమీద ఈగ వాలినా రెప్ప కదల్లేదు. పాల చప్పుడు వింటూ, ఒక్క నిమిషం గట్టెక్కించు గణపతీ అని లోపల్లోపల మొక్కుకుంటున్నాడు.

అప్పుడు నోరు విప్పాడు, అంతదాకా పక్కన టీ తాగుతూ కూచున్న లేలే తాత్యా. ముప్పై ఏళ్లు తెరచాటున నిలబడి కాకాకి డైలాగులు అందించిన మనిషి. "వన్స్ మోర్ అన్నమాట నిజమేనమ్మా. కాకపోతే చావుకి కాదు. మొహాన కొట్టిన పౌడరు ముక్కులోకి పోయి శవం తుమ్మింది. జనం ఆ తుమ్ముకి వన్స్ మోర్ అన్నారు. వీడు మళ్లీ తుమ్మాడు. అలా ఏడుసార్లు..."

"అబద్ధం!" కాకా దిగ్గున లేచి కూచున్నాడు. "నేను తుమ్మింది ఒక్కసారే!"

పాలు పొంగడానికి ఇంకా వేలెడు దూరం ఉంది.